సున్నుండ తడి

మొన్న గురువారం నేనొక తప్పు చేశాను. చేను చూడకుండా ఒక రైతుకు నీటి సలహా చెప్పాను. అదీ ఎక్కడ? అలా చెప్పకూడదని నాకు నేర్పిన మనిషి జ్ఞాపకార్థ కూడికలో, ఆమె ఫొటోకు నాలుగు గజాల దూరంలో, భుజాన శాలువాతో.

ఆ ఊరు చల్లపల్లికి దగ్గర. ఆమె పోయి నెల దాటింది. ఇంటి ముందు షామియానా వేసి, పాటలు పాడి, వాక్యం చెప్పుకుని, భోజనాలకు లేవబోయే ముందు పాస్టరుగారు నన్ను పిలిచి నిలబెట్టారు.

"నేలలో తడి ఎంతుందో చూసే మీటరుని మన అమ్మగారి చేలో పెట్టి, దాన్ని చూసి నీళ్లు పెట్టడం నేర్పింది ఈ సారుగారే. ఆ మొదటి ఏడు ఆవిడ చేను నిలబడిందంటే ఈయన చలవే" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ మాటల్లో మీటరు పెట్టడం ఒక్కటే నిజమని తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే అనుకున్నాను. చేతులు జోడించి నవ్వాను.

అప్పుడే ఆమె కూతురు కరుణ దగ్గరికి వచ్చింది. చేను ఇప్పుడు ఆమే చూసుకుంటోంది.

"సార్, రేపు పొద్దున మా నీళ్ల వంతు. మొక్కజొన్న జల్లు పూత వేసింది. తడి పెట్టమంటారా, వదిలెయ్యమంటారా? వదిలేస్తే మళ్లీ ఎనిమిది రోజులకి గానీ రాదు."

జేబులోంచి ఫోను తీశాను. వాళ్ల చేలో మీటరు ముప్పై ఎనిమిది చూపిస్తోంది. నల్లరేగడిలో ముప్పై ఎనిమిదంటే పుష్కలం.

"వదిలెయ్యమ్మా. ఇప్పుడు పెడితే వేరుకి ఊపిరాడదు" అన్నాను.

కరుణ తలూపి, పక్క చేను రంగారావుగారితో, "బాబాయ్, రేపు మా వంతు కూడా నువ్వే తీసుకో" అని అక్కడికక్కడే చెప్పేసింది. నేను బిర్యానీ తిని విజయవాడ బస్సెక్కాను.

మొక్కజొన్నకు నెత్తిన జల్లు, నడుమున పీచు వచ్చే ఆ పది పన్నెండు రోజులే ప్రాణం. అప్పుడు దప్పిక పడితే కండె వస్తుంది గానీ గింజ కట్టదు. అది ఎకరంన్నర చేను. వరి కోసిన నేలను దున్నకుండా, కర్రతో గుంట చేసుకుంటూ, కరుణ వాళ్లమ్మ తన చేత్తో నాటి వెళ్లిపోయిన చేను. దాన్ని నేను ఫోను చూసి వదిలెయ్యమన్నాను.

*

ఆమె పేరు రాయను. ఒకసారి, ఈ మీటర్లు పెట్టే మా ఆఫీసువాళ్లు కరపత్రం మీద ఆమె ఫొటో, పేరు వేస్తామంటే, "నా మొహం ఎందుకయ్యా, మట్టి ముద్ద బొమ్మ వెయ్యండి, నాకంటే అదే అందంగా ఉంటది" అంది. నిజంగానే మట్టి ముద్ద బొమ్మ వేశాం. పేరు అక్కర్లేదన్న మనిషికి ఇప్పుడు నేను తగిలించడం బాగుండదు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని గట్టు మీద కూర్చుని ఉంది. చొక్కా భర్తది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట స్టీలు చెంచా ఉండేది. చేలో ఎక్కడ నిలబడితే అక్కడ వంగి, ఆ చెంచాతో జానెడు లోతు తవ్వి, వేళ్ల దగ్గరి మట్టి తీసి గుప్పిట్లో పిసికేది. మా ఆఫీసులో ఎన్ని వేలు పోసి కొన్న పరికరమైనా చేసే పని అదే. చెంచాలు మాత్రం తరచూ చేలోనే పోయేవి. ఇంట్లో డజను చెంచాల సెట్టులో నాలుగే మిగిలాయని కరుణ గొడవ. "మిగతావి ఎక్కడికి పోతాయే? దున్నినప్పుడు మొలుస్తాయి" అనేది ఆమె.

మట్టిలో తడిని ఆమె వంటింటి భాషలో చెప్పేది. పిసికితే రాలిపోయేది రవ్వ, అంటే ఆలస్యమైపోయినట్టు. ముద్ద కట్టి, వేలితో నొక్కితే పగిలేది సున్నుండ, అంటే ఈ రెండ్రోజుల్లో తడి పెట్టాలి. నొక్కితే పగలకుండా అణిగేది చపాతీ పిండి, ఇంకా ఆగొచ్చు. అరచేతికి అతుక్కుపోయేది హల్వా. "హల్వాలో నీళ్లు పోస్తావా? పొయ్యవుగా! మరి చేలో ఎందుకు పోస్తారు ఈ మగాళ్లు?" అని ఊళ్లో మోటార్లు ఆపకుండా నడిపేవాళ్లను గట్టు మీంచే కేకలేసేది. నేను నోటుబుక్కులో ఒక పక్క మీటరు అంకెలు, ఇంకో పక్క ఆమె పేర్లు రాసుకునేవాణ్ని. ఆ పుస్తకం చూసి మా ఆఫీసులో ఒకాయన, "ఏంటిది, క్యాటరింగా?" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆమె నీటి జోలికి వెళ్లేది కాదు. కానీ మట్టి జోలికి వెళ్లకుండా ఉండలేకపోయేది. అందుకని పొద్దున్నే ఒక ముద్ద తీసి, తడి రుమాల్లో కట్టి, చర్చికి తెచ్చుకునేది. స్త్రీల వైపు కిటికీ పక్కన కూర్చుని, తెల్ల చీర కొంగు కింద ఎడమ చేత్తో ముద్ద పిసుకుతూ, కుడి చేత్తో బైబిలు పట్టుకుని ప్రసంగం వినేది. ఆరాధన అయ్యాక చాప కింద మట్టి బిళ్లలు దొరికేవి. ఒకసారి పాస్టరుగారు ఉండబట్టలేక అడిగేశారు.

"అమ్మా, మందిరంలోకి చేను తేవడం బాగుందా?"

"దేవుడు మనిషిని చేసింది దీంతోనే గదండీ, ఆయనకి కొత్తేం కాదు" అంది. తర్వాత, గొంతు తగ్గించి, "మీరు కాస్త తొందరగా ముగిస్తే దీని అసలు తడి తెలుస్తది. ఇవాళ సున్నుండ కాస్తా మీ ప్రసంగం అయ్యేసరికి రవ్వయిపోయింది" అంది.

పాస్టరుగారు ఆ మాటను ఊరంతా తనే చెప్పుకుని నవ్వేవారు. ఆ తర్వాత ఆశీర్వాదం అయిపోగానే కిటికీ వైపు చూసి, "ఏవమ్మా, ఈ వారం తడి పెట్టొచ్చా?" అని ఆయనే అడగడం మొదలెట్టారు. ఆమె ముద్ద పైకెత్తి చూపించి జవాబు చెప్పేది. సగం ఊరి నీళ్లు ఆ జవాబును బట్టే పారేవి.

మీటరుకు ఆమె పెట్టిన పేరు అల్లుడుగారు. అసలు అల్లుడు, కరుణ భర్త, లారీ డ్రైవరు. "ఆ అల్లుడు ఒకచోట ఉండడు, ఈ అల్లుడు ఉన్నచోటునుంచి కదలడు. ఇద్దరూ ఒకటే, అడిగితే గానీ నోరు విప్పరు" అనేది. రోజూ చెంచాతో మట్టి తీసి తన లెక్క ముందు తను చెప్పి, అప్పుడు నన్ను, "ఇప్పుడు అడుగు అల్లుడుగార్ని, ఆయనేమంటాడో" అనేది. రెండూ కలిస్తే చప్పట్లు కొట్టేది. కలవకపోతే ఇంకా సంతోషం. "అయితే ఇద్దర్లో ఒకళ్లం నేర్చుకోవాల్సింది ఉందన్నమాట" అంటూ చెంచా తీసేది. నేను ఓడిపోతానేమోనని భయపడే చోట ఆ మనిషికి ఆట కనిపించేది. అది నాకు ఇప్పటికీ రాలేదు.

*

ఇక ఆ మొదటి ఏటి సంగతి.

మీటరు ఎక్కడ పాతాలని ఆమె అడిగినప్పుడు నేను చేనంతా నడవలేదు. ముందు రోజే నీళ్లు పారాయి. నా కాళ్లకు కొత్త బూట్లు. గట్టు దిగి నాలుగడుగులు వేసి, పక్కనే పైపులోంచి నీళ్లు చేలోకి దిగే మడవ దగ్గర, జానెడున్నర లోతున గుచ్చేసి, "ఇదే సరైన చోటండి" అన్నాను. నిజానికి అది బూట్లకు సరైన చోటు. మడవ దగ్గరి నేల అన్నిటికంటే ముందు తడుస్తుంది, అన్నిటికంటే ఆఖర్న ఆరుతుంది. పైగా అక్కడ పైపు జాయింటు కొద్దికొద్దిగా కారుతూ ఉంటుంది.

ఆ ఏడూ ఇలాగే జల్లు వేసే వేళ. నీళ్లు తోడే ఫిల్టర్ పాయింటు బోరు ఒక్కటే, దాని మీద మూడు చేలు, ఎనిమిది రోజులకొక వంతు. ఆమె ఫోను చేసి, "అబ్బాయ్, నా చెంచా పెట్టమంటోంది, అల్లుడుగారు వద్దంటున్నారు. ఏం చెయ్యమంటావ్?" అంది. నేను విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను. "మీటరు మాట వినండమ్మా, చేత్తో చూసేది అంచనా, అది లెక్క" అన్నాను. అదే నా మాట, అలాగే అన్నాను. ఆమె వింది. జీవితంలో మొదటిసారి తన చేతిని కాదని నా మాట విని, వంతును రంగారావుగారికి ఇచ్చేసింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోను. గొంతులో కోపం లేదు. "అల్లుడుగారికి దాహం లేదు గానీ చేలో కూతురికి ఉన్నట్టుంది. ఒకసారొచ్చి ఇద్దరికీ సఖ్యత కుదుర్చు."

వెళ్లాను. గట్టు మీదే నా బూట్లు విప్పించింది. చెంచా చేతికిచ్చింది. మీటరు పక్కన తవ్వమంది.

"ఏంటది?"

"చపాతీ పిండి అండి."

ఇరవై అడుగులు నడిపించింది. "ఇదీ?"

"సున్నుండ..."

ఇంకో ఇరవై. ఇంకో ఇరవై. చివరి గట్టు దగ్గరికి వచ్చేసరికి ఎండ పూర్తిగా తగ్గిపోయింది. అక్కడ మొక్కల ఆకులు మాత్రం గొట్టాల్లా చుట్టుకునే ఉన్నాయి. మధ్యాహ్నం ఆకు ముడిచిందంటే ఎండకు కావచ్చు, చల్లబడ్డాక కూడా విచ్చుకోలేదంటే అది దప్పికే. పిసికిన మట్టి వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"రవ్వ" అన్నాను.

"ఇప్పుడు చెప్పు, అల్లుడుగారు అబద్ధం ఆడారా?"

"లేదండి."

"ఆడలేదు పాపం. కూర్చున్న చోటు సంగతి ఆయన సరిగ్గానే చెప్పాడు. పెళ్లిలో వంటశాల పక్కన కూర్చున్నోణ్ని అడిగితే భోజనాలు బ్రహ్మాండం అంటాడు. చివరి బంతిలో కూర్చున్నోణ్ని అడగాలయ్యా, కూర వచ్చిందా అని." అంటూనే నవ్వింది. నా కాళ్లకంటిన బురద చూసి మరీ నవ్వింది. "అదిగో, ఇప్పుడయ్యావు ఇంజినీరువి."

ఆ నవ్వు తర్వాత జరిగింది చెప్పడమే నాకు కష్టం. వంతు తిరిగి అడగడానికి ఇద్దరం రంగారావుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఇంజను మీద చెయ్యి వేసి నిలబడి, "అదేంటి వదినా, వద్దన్నావుగా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె, "నాదే పొరపాటు రంగారావ్, చెంచా లెక్క తప్పింది. ఈ అబ్బాయి మీటరు వల్లే తెలిసింది" అంది.

నేను పక్కనే ఉన్నాను. కాదని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. కొత్త ఉద్యోగం, కొత్త మీటరు, ఊళ్లో పరువు పోతే ఇంకెవరూ పెట్టించుకోరు అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకుని ఉంటుంది. రంగారావుగారు వంతు ఇచ్చారు, చేను తేరుకుంది. ఆమె మీటరును చేను మధ్యకు మార్పించింది. ఆమె మాట మీద ఆ చుట్టుపక్కల ఎందరో రైతులు మీటర్లు పెట్టించుకున్నారు. అది చూసి మా వాళ్లు నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్నాక చేలకు వెళ్లడం తగ్గింది.

*

గురువారం సాయంత్రం బస్సులో ఇదంతా గుర్తొచ్చిందని చెబితే గొప్పగా ఉంటుంది. గుర్తు రాలేదు. శాలువా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కూచిపూడి దాటాక రోడ్డు పక్కన ఒక మొక్కజొన్న చేను కనిపించింది. రోడ్డు వైపు పచ్చగా విచ్చుకుని ఉంది. వెనక, దూరపు గట్టు వైపు, ఆకులన్నీ చుట్టుకుని ఉన్నాయి. ఎండ ఎప్పుడో తగ్గింది.

అప్పుడు తట్టింది. కరుణ చేలో మీటరు ఎక్కడుందో నాకు తెలియదు. పంట కోతప్పుడు పీకి, మళ్లీ నాట్లయ్యాక పాతుతాం. ఈసారి పాతింది వాళ్లమ్మ పోయిన వారంలో. మా కుర్రాళ్లు ఫోను చేసి ఎక్కడ పాతమంటారని అడిగితే, నేను మీటింగులో ఉండి, "ఎక్కడో చోట పెట్టేసి రండి, ఇంట్లో పరిస్థితి బాగాలేదు" అన్నాను.

పామర్రులో దిగి ఎదురు బస్సెక్కాను. నేను వెళ్లేసరికి కరుణ షామియానా కుర్రాళ్లకు కుర్చీలు అప్పజెబుతోంది.

"ఏం సార్, ఏమన్నా మర్చిపోయారా?"

"మీటరు ఎక్కడుందమ్మా?"

"మడవ దగ్గరే సార్. మీ వాళ్లు అక్కడే పెట్టారు."

అక్కడే, కుర్చీల మధ్య, మొత్తం చెప్పాను. బూట్లు, మడవ, ట్రాఫిక్‌లో అన్న మాట, రంగారావుగారి ముందు ఊరుకోవడం. కరుణ వింటూ ఒక కుర్చీలో కూర్చుంది.

"అంటే అమ్మ చెంచా లెక్క తప్పలేదా?"

"తప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు సార్ ఇన్నాళ్లు?" గొంతు పెరిగింది. "చెయ్యి పట్టి నేర్పుతానే అని అమ్మ ఎన్నిసార్లు అందో తెలుసా? నేను పోమ్మా, నీ లెక్క తప్పిందిగా, మీటరుందిగా అన్నాను. నేర్చుకోలేదు. ఇప్పుడెవర్ని అడగాలి నేను?"

నా పొరపాటు ఒక చేనుతో అయిపోయిందనుకున్నాను. అది ఇంత దూరం వచ్చిందని నాకు తెలియదు. చెప్పడానికి నా దగ్గర ఒకటే ఉంది.

"నాకు నేర్పింది కదమ్మా. అది మీ ఇంటిదే. ఒక చెంచా తీసుకుని రండి."

కరుణ కళ్లు తుడుచుకుంది. "నాలుగే మిగిలాయి" అంటూ లోపలికి వెళ్లింది.

చేలో వెలుగు ఇంకా ఉంది. నేను తవ్వాను, ఆమె పిసికింది. మడవ దగ్గర చపాతీ పిండి, అక్కడ మీటరు మాట అక్షరాలా నిజం. ఇరవై అడుగుల్లో కరుణ ఆగి, ముద్దను బొటనవేలితో నొక్కి చూసి, "దీనికి నెయ్యి తగ్గింది" అంది. నేను పేరు చెప్పేలోపే తనే, "సున్నుండ!" అంది. నలభై అడుగులయ్యేసరికి నేను సున్నుండ అంటే, "కాదండీ, పగులు చూడండి, ఇది రవ్వ కాబోతోంది" అని దిద్దింది. ఆమె దిద్దిందే నిజం. ఏటా పది కిలోల సున్నుండలు చుట్టే చెయ్యి అది, దానికి నేర్పాల్సింది పెద్దగా లేదు, మట్టి దాకా తీసుకెళ్లడం తప్ప. చివరి గట్టు దగ్గర పూర్తిగా రవ్వ. ఆకులు చుట్టుకుని ఉన్నాయి. పీచు అప్పుడే తొంగిచూస్తోంది.

అట్నుంచి అటే రంగారావుగారి ఇంటికి వెళ్లాం. ఈసారి ముందు నేనే మాట్లాడాను. మధ్యాహ్నం చెప్పిన సలహా తప్పని, ఆ మొదటి ఏడు చెంచా తప్పలేదని, తప్పింది నేనని చెప్పాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండా విన్నారు.

"ఆ రోజు మా వదిన లెక్క తప్పిందంటే నేను నమ్మాననుకున్నావా? పాతికేళ్లు ఆవిడ పక్క చేను చేశాను. నీ కాళ్లకి బురద, ఆవిడ మొహాన నవ్వు. నాకు అర్థం కాలేదా?"

"మరి మీరెందుకు అడగలేదండి?"

"ఆవిడ దాచుకున్నది నేనెందుకు లాగుతాను? నువ్వే చెబుతావని చూశా. కాస్త ఆలస్యమైంది." కరుణ వైపు తిరిగి, "వంతు నీదేనమ్మా, తీసుకో. కానీ ఈ సారుని ఊరికే పంపకు. మీ అమ్మయితే పార ఇచ్చేది" అన్నారు.

ఆ పూట పాస్టరుగారింట్లో ఉండిపోయాను. ఆయనకూ చెప్పాను. "ఆదివారం ఆరాధన అయ్యాక మీరే వచ్చి అందరికీ చెప్పండి" అన్నారు. వస్తానన్నాను. "క్లుప్తంగా చెప్పండి, ఆవిడలాగే చాలామంది ముద్దలు తెచ్చుకుంటారు" అన్నారు.

తెల్లారి ఇంజను వేశారు. కరుణ నా చేతికి పార ఇచ్చింది. మడవ దగ్గర నేల తడిగానే ఉంది కాబట్టి అక్కడ నీరు నిలవకుండా, మధ్య గట్టు వెంట చిన్న కాలువ తీసి నేరుగా కిందికి మళ్లించాలి. తీశాను. రెండు చోట్ల తెగింది. కట్టాను. తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఫోను వస్తే, పార పక్కన పెట్టి, మీటర్లు పెట్టిన చేలన్నిటికీ నేనే స్వయంగా వస్తున్నానని, అందాకా ఫోను చూసి ఎవరికీ తడి సంగతి చెప్పొద్దని అన్నాను. అవతలాయన, "అన్ని చేలకీనా? ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు. తెలియదన్నాను. పదకొండు దాటాక నీళ్లు చివరి వరసలోకి వచ్చి, పగుళ్లలోకి గుడగుడమని దిగాయి. కరుణ గట్టు మీద నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.

తర్వాత మీటరు పీకి భుజాన వేసుకుని, ఎక్కడ పాతమంటారని అడిగాను. ఆమె చేనంతా ఒకసారి చూసింది. చెంచాతో మూడు చోట్ల మట్టి తీసి చూసుకుని, నడుమకు కాస్త దిగువన ఒక చోటు చూపించింది. తవ్వాను. ఆ మట్టి పిసికి, తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ కాలువ ఊట తగులుతోంది. ఇంకో రెండు వరసలు అవతలకి సార్."

గుంట పూడ్చి, రెండు వరసలు అవతల మళ్లీ తవ్వాను.